స్కానింగ్ అయిపోయిందన్నాక మొదలైన పని

కోస్తాలోని ఒక కలెక్టరేట్‌లో డిజిటల్ ఆర్కైవిస్ట్‌గా కాంట్రాక్టు మీద చేరేనాటికే స్కానింగ్ అయిపోయిందని చెప్పారు. ఒక ప్రైవేటు ఏజెన్సీ వచ్చి, రికార్డు రూంలోని భూమి రిజిస్టర్లన్నీ స్కాన్ చేసి, హార్డ్ డిస్కుల్లో అప్పగించి, బిల్లు పెట్టుకుని వెళ్లిపోయింది. "ఇంక మీకు పెద్ద పనేం ఉండదమ్మా, వాటిని సర్వర్లోకి ఎక్కించడమే" అన్నారు సూపరింటెండెంట్ గారు. ఆ డిస్కులు తెరిచి చూసింది మొదలు ఇప్పటిదాకా చేసిన పని గురించి ఇక్కడ రాస్తున్నాను. ఈ ఉద్యోగంలోకి రావాలనుకునే పిల్లలు తరచూ అడుగుతుంటారు, లోపల నిజంగా ఏం చేస్తారని.

నేను చదివింది లైబ్రరీ సైన్స్. తర్వాత ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల స్కూల్‌లో ఒక చిన్న కోర్సు చేశాను. 1891లో కలకత్తాలో ఇంపీరియల్ రికార్డ్ డిపార్ట్‌మెంట్‌గా మొదలైన సంస్థ అది. కాగితం మీద దుమ్ము ఎలా దులపాలి, చిరుగు ఎలా అతకాలి లాంటివన్నీ అక్కడే నేర్చుకున్నాను. కానీ అక్కడ విన్నవాటిలో నాకు ఎక్కువగా పనికొచ్చింది ఒకే మాట: కాగితంలో ఏం రాసి ఉందన్నది ఎంత ముఖ్యమో, అది ఏ కట్టలో, దేని పక్కన ఉందన్నదీ అంతే ముఖ్యం. వరస చెరిపితే సాక్ష్యం సగం చెరిగినట్టే.

మా రికార్డు రూంలో ఏముంటాయో ముందు చెప్పాలి. ఆర్.ఎస్.ఆర్., అంటే రీసెటిల్‌మెంట్ రిజిస్టర్. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఊరూరా భూమి కొలిచి రాసిన పుస్తకం. ఇంగ్లిష్, తెలుగు రెండూ ఉంటాయి కాబట్టి మా ఆఫీసుల్లో దీన్ని డైగ్లాట్ అని కూడా అంటారు. సర్వే నంబరు, మెట్టో పల్లమో, నీరు ఎక్కడి నుంచి వస్తుంది, నేల తరం (నాణ్యత) ఎంత, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు ఇవన్నీ గడులుగా ఉంటాయి. శిస్తు రూపాయలు, అణాలు, పైలలో ఉంటుంది. అణాకి పన్నెండు పైలన్న లెక్క తెలియకపోతే ఆ గడి చదవలేం. దీంతోపాటు పొలం కొలతల పటాలున్న ఎఫ్.ఎం.బి.లు, ఇనాం రిజిస్టర్లు, 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాక ఆ గ్రామాలకు తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగళ్లు (ఏ సర్వే నంబరు ఎవరిదో రాసిన గ్రామ లెక్కలు). వీటి వెనక ర్యాకుల్లో గుడ్డ చుట్టిన బస్తాలు. వాటి మీద ఆర్.డిస్., డి.డిస్., కె.డిస్., ఎల్.డిస్. అని ఉంటుంది. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచాల్సినవి, డి.డిస్. పదేళ్లు, కె.డిస్. మూడేళ్లు, ఎల్.డిస్. ఒక్క ఏడాది. ఫైలు మూసేసిన రోజు గుమాస్తా రాసిన ఆ రెండక్షరాలే దాని ఆయుష్షు ఎంతో చెబుతాయి.

ఇక డిస్కుల సంగతి. ఫోల్డర్ల పేర్లు తేదీలు. అంటే ఆ రోజు స్కాన్ చేసినవన్నీ ఒక ఫోల్డర్లో వేశారు. లోపలి బొమ్మలకు పేర్లు లేవు, స్కానర్ ఇచ్చిన నంబర్లే. ఏ బొమ్మ ఏ ఊరిదో తెలియాలంటే తెరిచి చూడాలి. తెరిచినా, ఊరి పేరు రిజిస్టరు మొదటి పేజీలో మాత్రమే ఉంటుంది కాబట్టి, అక్కడిదాకా వెనక్కి వెళ్లాలి. ఒక రైతు వచ్చి ఫలానా ఊరు, ఫలానా సర్వే నంబరు నకలు కావాలంటే, రికార్డ్ అసిస్టెంట్ గారు ర్యాకు దగ్గరికి వెళ్లి అయిదు నిమిషాల్లో పుస్తకం తెచ్చేవారు. కంప్యూటర్లో అదే పేజీ వెతకడానికి పూట పట్టేది. లెక్కప్రకారం డిజిటలైజేషన్ నూరు శాతం పూర్తయినట్టు నివేదిక మాత్రం పైకి వెళ్లిపోయింది.

సమాచార హక్కు చట్టం అనగానే అందరికీ ముప్పై రోజుల గడువే గుర్తొస్తుంది. అందులో నాలుగో సెక్షన్ మొదట్లోనే ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన రికార్డులను జాబితాలు, సూచికలతో సక్రమంగా ఉంచాలని ఉంది. 2005 నుంచీ ఉంది. స్కాన్ చేస్తే చాలని ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. నేను మీటింగుల్లో ఈ సెక్షన్ ఎన్నిసార్లు చదివి వినిపించానో!

పేర్లు లేకపోవడం కంటే పెద్ద దెబ్బ వేరే ఉంది. దాన్ని కనిపెట్టింది నేను కాదు. రిటైరైన సర్వేయర్ గారొకరు అప్పుడప్పుడు మాకు సాయానికి వచ్చేవారు. ఒక రోజు నా పక్కన కూర్చుని ఏదో ఊరి ఆర్.ఎస్.ఆర్. పేజీ తెర మీద చూస్తున్నారు. కళ్లజోడు సవరించుకుని, "ఈ గడిలో చుక్కలుండాలి కదమ్మా, ఏవి?" అన్నారు. గడి ఖాళీగా, తెల్లగా ఉంది. అసలు పుస్తకం తెప్పించి చూశాం. పట్టాదారు పేరు ఉండాల్సిన చోట వరసగా చుక్కలు స్పష్టంగా ఉన్నాయి.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. చుక్కల భూములు అని మీరు వినే ఉంటారు. రీసెటిల్‌మెంట్ చేసినప్పుడు, ప్రభుత్వ భూమో ప్రైవేటు భూమో తేలని చోట పేరు రాయకుండా చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ చుక్కల వల్ల తరతరాలుగా సాగుచేసుకుంటున్నవాళ్లు కూడా అమ్ముకోలేక, రిజిస్ట్రేషన్ కాక, రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో ఇరుక్కుని తిరిగారు. వాటిని తేల్చడానికే ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. అంటే ఆ గడిలో చుక్కలున్నాయా, ఖాళీగా ఉందా, పోరంబోకు అని ఉందా అన్నదాన్ని బట్టి ఒక కుటుంబం ఏ దారిన వెళ్లాలో మారిపోతుంది.

చుక్కలు ఎలా పోయాయి? స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌లో మచ్చలు తుడిచే ఆప్షన్ ఒకటి ఉంటుంది. పాత కాగితం మీద పురుగు రెట్టలు, తుప్పు మరకలు చిన్న చిన్న నల్ల చుక్కల్లా పడతాయి. వాటిని తీసేసి పేజీని తెల్లగా చూపించడం దాని పని. ఏజెన్సీ వాళ్లు నలుపు తెలుపులో, తక్కువ రిజల్యూషన్‌లో, ఆ ఆప్షన్ వేసి స్కాన్ చేశారు. ఫైలు చిన్నదవుతుంది, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కి పురుగు రెట్టకీ సర్వేయర్ పెట్టిన చుక్కకీ తేడా తెలియదు. ఆ తర్వాత వెతికితే ఇంకా దొరికాయి. చేత్తో రాసిన అడంగళ్లలో ఎకరాలకీ సెంట్లకీ మధ్య ఉన్న చుక్క కొన్నిచోట్ల ఎగిరిపోయింది. ఎఫ్.ఎం.బి.ల్లో తర్వాతి సబ్‌డివిజన్లను ఎర్ర సిరాతో గీసి ఉంటే, నలుపు తెలుపులో పాత గీతకీ కొత్త గీతకీ తేడా లేకుండా పోయింది. మరీ తెల్లగా, అందంగా కనిపించే స్కాన్ ఏదైనా చూస్తే నాకు ఇప్పటికీ ముందు అనుమానమే వస్తుంది.

మళ్లీ స్కాన్ చేయాలని నోట్ పెట్టాం. ఒకసారి డబ్బు ఖర్చయిన పనికి మళ్లీ డబ్బు అడగడం ఎంత టెన్షనో ప్రభుత్వంలో పనిచేసిన వాళ్లకు చెప్పక్కర్లేదు. నోట్‌తో పాటు రెండు కాగితాలు జత చేశాం. ఒకటి అసలు పేజీ కలర్ ఫొటో, రెండోది డిస్కులో ఉన్న అదే పేజీ ప్రింటు. చుక్కలున్న గడి చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టాం. వాదన అక్కర్లేకపోయింది. కానీ అన్నిటికీ ఒకేసారి అనుమతి రాలేదు, రాదని మాకూ తెలుసు. ఆర్.ఎస్.ఆర్., ఎఫ్.ఎం.బి., ఇనాం రిజిస్టర్లు ముందు, మిగతావి తర్వాత అని ఒప్పుకున్నాం. నా ఉద్దేశంలో అదే సరైన పద్ధతి కూడా. పాడైపోతే ఇంకెక్కడా దొరకని వాటి నుంచి మొదలుపెట్టాలి.

ఈసారి 300 డీపీఐ, పూర్తి రంగుల్లో. మాస్టర్ కాపీ టిఫ్ ఫార్మాట్‌లో కుదించకుండా పెట్టి, దాని నుంచి జనానికి ఇవ్వడానికి చిన్న పీడీఎఫ్ తీస్తాం. ఎ3 సైజు పేజీ ఒక్కటి మాస్టర్‌లో దాదాపు 50 ఎంబీ ఉంటుంది. అంటే ఒక టీబీలో ఇరవై వేల పేజీలకు మించి పట్టవు. ఈ లెక్క టెండరుకు ముందే వేసుకోవాలి. లేకపోతే సగంలో స్థలం చాలక, ఎవరో ఒకరు కుదించేద్దామంటారు.

స్కానర్ దగ్గరికి రాకముందు కాగితానికి చేయాల్సిన సేవ చాలా ఉంది. మా అటెండర్ గారి చేతులు లేకపోతే అది జరిగేది కాదు. తుప్పు పట్టిన గుండుసూదులు ఒక్కొక్కటీ తీయాలి, లాగితే కాగితం ఊడి వస్తుంది. మెత్తటి బ్రష్‌తో మధ్య నుంచి బయటికి దుమ్ము తోయాలి. సెల్లో టేపు అంటించిన పేజీలే అన్నిటికంటే కష్టం. టేపు ఊడిపోయినా దాని జిగురు కాగితంలో ఇంకి, గోధుమ రంగు మరకగా మారి, కింది అక్షరాలను తినేస్తుంది. ఒకప్పుడు మంచిదనుకుని లామినేషన్ చేసిన రిజిస్టర్లు కొన్ని ఉన్నాయి. ఆ ప్లాస్టిక్ కింద కాగితం పెళుసెక్కిపోయింది, ఇప్పుడు విప్పలేం. చిరుగులకు మేం వాడేది పల్చటి జపనీస్ టిష్యూ కాగితం, పిండి జిగురు. రేపు ఎవరైనా తడిపి తీసేయాలనుకుంటే తేలిగ్గా వచ్చేస్తుంది. పైనుంచి ఫొటో తీసే ఓవర్‌హెడ్ స్కానర్ వాడతాం కాబట్టి, పుస్తకాన్ని బోర్లించి నొక్కే పని లేదు.

ఆ తర్వాతది అసలు పని: ప్రతి బొమ్మకూ అది ఏమిటో రాయడం. ఊరు, మండలం, రిజిస్టరు రకం, సంవత్సరం, పేజీ, సర్వే నంబర్లు ఎంత నుంచి ఎంత వరకు. వినడానికి డేటా ఎంట్రీలా ఉంటుంది. మొదటి వారంలోనే ఊరు అన్న గడి దగ్గరే ఆగిపోయాం. పోలవరం కాలువ దిగువన ఉన్న ఒక ఊరిని తీసుకోండి. పాత రిజిస్టరు మీద అది కృష్ణా జిల్లా. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడ్డాక ఆ జిల్లాలోకి వచ్చింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాక తాలూకా పేరు మారి మండలం పేరు వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో ఏలూరు జిల్లా అయింది. ఊరు కదల్లేదు, దాన్ని పెట్టిన అరలు మారాయి. రిజిస్టరు మీద ఉన్నట్టే రాయాలా, ఇప్పుడున్నట్టు రాయాలా? రెండూ రాయాలి. ప్రతి గ్రామానికీ ఒక శాశ్వత నంబరిచ్చి, దానికి కాలాన్ని బట్టి జిల్లా, తాలూకా, మండలం జతచేసిన ఒక పట్టిక తయారుచేశాం. ఆ పట్టిక చేయడానికి పట్టినంత కాలం స్కానింగ్‌కి పట్టలేదు.

తాలూకాలు మండలాలైనప్పుడు ఇంకోటి కూడా జరిగింది. ఒక తాలూకా రికార్డులను కొత్త మండలాల మధ్య పంచారు. ఒకే రిజిస్టరులో రెండు మండలాల ఊళ్లుంటే ఆ పుస్తకం ఒకరి దగ్గరే ఉండిపోయింది, రెండోవాళ్లు తమ దగ్గర లేదని రాసిచ్చారు. రైతుకి "రికార్డు లభ్యం కాలేదు" అని ఎండార్స్‌మెంట్ ఇచ్చిన కేసుల్లో, పక్క మండలం బీరువాలో పుస్తకం దొరికినవి ఉన్నాయి. అందుకే మా పట్టికలో పుస్తకం ఇప్పుడు ఎక్కడుంది అన్న గడి కూడా పెట్టాం.

సంవత్సరం దగ్గరా ఇలాంటిదే. అడంగళ్ల మీద ఉండేది ఫసలీ, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం. జులైలో మొదలవుతుంది. దానికి 590 కలిపితే ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది. ఫసలీ 1357 అంటే 1947-48. డేటా ఎంట్రీ పిల్లలు సంవత్సరం గడిలో 1357 అని కొడితే కంప్యూటర్ మారుమాట లేకుండా తీసుకుంటుంది. ఆ తర్వాత స్వాతంత్ర్యం వచ్చిన ఏటి అడంగల్ కావాలని వెతికితే దొరకదు. ఫసలీకి వేరే గడి పెట్టి, రెండోది దానంతట అదే లెక్క వేసుకునేలా చేశాం.

కాగితాలే కాదు, పాత కంప్యూటర్ ఫైళ్లూ మాకు రికార్డులే. నిజానికి వాటి పరిస్థితి మరీ అన్యాయం. వందేళ్ల కిందటి రిజిస్టరు ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ఇరవై ఏళ్ల కిందటి ఫైలు తెరుచుకోదు, తెరుచుకున్నా చదవలేం. యూనికోడ్ ఆఫీసుల్లోకి రాకముందు అందరూ ఐలీప్, అను లాంటి వాటితో టైపు చేసేవారు. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు చూపించేవి, అంతే. ఇప్పుడు ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు వాక్యం బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసి కనిపిస్తాయి. లబ్ధిదారుల జాబితాలు, ఇళ్ల పట్టాల ప్రొసీడింగ్స్ మొత్తం అలా ఉన్న సీడీలు మాకు దొరికాయి. కొన్ని సీడీలు అసలు తెరుచుకోలేదు, పైపొర లేచిపోయింది.

తెరుచుకున్నవాటికి ఏ గుర్తు ఏ అక్షరమో పట్టిక కట్టి, ప్రోగ్రాం రాసి యూనికోడ్‌లోకి మార్చాం. కష్టమంతా ఒత్తుల దగ్గర. ఆ ఫాంట్లలో ఒత్తు, గుణింతం, తలకట్టు వేటికవి వేరే ముక్కలు. టైపు చేసినవాళ్లు కంటికి సరిగ్గా కనిపిస్తే చాలని ఏ ముక్క ముందు పడిందో పట్టించుకోలేదు. 'స్త్రీ' లాంటి అక్షరం మూడు నాలుగు రకాలుగా ఉండేది. మార్చిన ప్రతి జాబితానీ ఒక మనిషి చదివి సరిచూడాల్సిందే. పేర్లు తప్పితే మనుషులే మారిపోతారు. మార్చినా అసలు ఫైలుని పారేయం, పక్కనే ఉంచుతాం. రేపు ఎవరైనా ఈ అక్షరం మీరే మార్చారంటే చూపించాలి కదా.

రికార్డు మారలేదన్న నమ్మకం గురించే ఇంకో రెండు మాటలు. ప్రతి మాస్టర్ ఫైలుకీ ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్కతో 64 అక్షరాల గుర్తు తీసి, విడిగా భద్రపరుస్తాం. ఫైల్లో ఒక్క బిందువు మారినా ఆ గుర్తు పూర్తిగా మారిపోతుంది. మొదట్లో ఇదంతా అదనపు చాదస్తం అనుకున్నవాళ్లున్నారు. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చాక పరిస్థితి మారింది. అందులో 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుని కోర్టులో పెట్టేటప్పుడు ఇచ్చే సర్టిఫికెట్‌లో ఈ గుర్తు, అంటే హ్యాష్ విలువ, రాయాలి. ఇప్పుడు ప్రభుత్వ ప్లీడర్ గారి ఆఫీసు నుంచే అడుగుతున్నారు. కాపీలు మూడు ఉంచుతాం, ఒకటి వేరే ఊళ్లో. కొన్నాళ్లకొకసారి గుర్తులన్నీ మళ్లీ లెక్కించి పోల్చి చూస్తాం. చూడకుండా బీరువాలో పెట్టిన హార్డ్ డిస్కుని బ్యాకప్ అనడానికి నేను ఒప్పుకోను.

ఇదంతా ఎవరి కోసమో ఒకాయన్ని చూసినప్పుడు బాగా అర్థమైంది. డెబ్బై దాటిన రైతు, మనవణ్ని వెంటబెట్టుకుని వచ్చారు. అంతకుముందు ఏజెన్సీ స్కాన్ ప్రింటు తీసి ఇచ్చారట, అందులో పట్టాదారు గడి ఖాళీ. దాన్ని చూసి ఎక్కడికి వెళ్లినా "మీ పేరు లేదు, ఏమీ లేదు" అంటున్నారు. "అమ్మా, అందులో మా తాత పేరుంటే ఉందనండి, లేకపోతే లేదనండి. ఉన్నదేదో ఉన్నట్టు ఇవ్వండి చాలు" అన్నారు. కూర్చోబెట్టి కొత్త స్కాన్ తీశాం. తాత పేరు లేదు. కానీ చుక్కలున్నాయి. "బాబాయ్ గారూ, మీది చుక్కల భూమి, దానికి వేరే దారి ఉంది" అని చెప్పి కలర్ నకలు ఇచ్చి, ఏ సెక్షన్‌లో కలవాలో రాసిచ్చాం. ఆయన పని చివరికి ఏమైందన్నది మా చేతిలోని విషయం కాదు. కానీ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఆయన చేతికి వెళ్లింది.

స్కాన్ అయ్యాక మాకు ఎదురయ్యే ప్రశ్న ఇంకోటుంది. "ఇంక ఆ పాత పుస్తకాలెందుకు, గది ఖాళీ అవుతుంది కదా" అని. చుక్కల కథ తెలిశాక కూడా అడుగుతారు. కేంద్ర ప్రభుత్వ రికార్డులకు వర్తించే 1993 పబ్లిక్ రికార్డ్స్ చట్టంలో, 1892కి ముందు తయారైన రికార్డులను నాశనం చేయకూడదని స్పష్టంగా ఉంది, చదవలేనంతగా పాడైపోయినవాటికి తప్ప. రాష్ట్రాల్లో మనం అంతకంటే తక్కువ జాగ్రత్త ఎందుకు పడాలి? ఆర్.డిస్. అని రాసి ఉన్న ఒక్క బస్తా కూడా స్కాన్ అయిందన్న కారణంతో బయటికి వెళ్లకూడదని మేం రాతపూర్వకంగా ఆదేశం తెప్పించుకున్నాం. ఎల్.డిస్. ఫైళ్లు మాత్రం గడువు దాటితే పద్ధతి ప్రకారం తీసేయాలి. వాటిని అలాగే వదిలేస్తే ఉంచాల్సినవాటికి చోటుండదు.

ఈమధ్య ఆఫీసులన్నీ ఈ-ఆఫీస్‌కి మారాయి. ఫైలు ఎవరి దగ్గర ఎన్ని రోజులుందో తెలుస్తుంది, మంచిదే. కానీ ఇప్పుడు నా బెంగ వాట్సాప్ మీద. తుఫాను వచ్చినప్పుడు ఏ ఊరు ఖాళీ చేయించాలి, బియ్యం ఎక్కడికి పంపాలి అన్న నిర్ణయాలన్నీ గ్రూపుల్లోనే జరుగుతున్నాయి. అధికారి బదిలీ అయితే ఫోనుతో పాటు ఆ రికార్డూ వెళ్లిపోతుంది. అత్యవసరంలో ఫోన్లో ఇచ్చిన ఆదేశాన్ని తర్వాతైనా ఫైల్లో ఎక్కించండని ప్రతి సెక్షన్‌కీ చెబుతున్నాను. కొందరు చేస్తున్నారు.

చివరగా, ఇది చదువుతున్నవాళ్లలో కరణాల ఇళ్ల వాళ్లుంటే ఒక విన్నపం. 1984లో కరణాలు, మునసబుల వ్యవస్థ రద్దయినప్పుడు గ్రామ లెక్కలన్నీ అప్పగించమన్నారు. అన్నీ రాలేదు. మీ అటక మీద, పాత ట్రంకు పెట్టెలో తాతగారి చేతిరాతతో అడంగళ్లు, చిట్టాలు ఉండే ఉంటాయి. దయచేసి కాగితాలు కొనేవాళ్లకు వేయకండి. టేపు అంటించవద్దు, లామినేషన్ చేయించవద్దు, ప్లాస్టిక్ కవర్లో పెట్టవద్దు. ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, నేలకు తగలకుండా పొడి చోట పెట్టండి. ఫ్లాష్ వేయకుండా పగటి వెలుతురులో అట్ట నుంచి అట్ట దాకా వరసగా ఫొటోలు తీయండి, ఖాళీ పేజీలతో సహా. ఊరి పేరు, ఫసలీ ఒక చీటీ మీద రాసి మొదటి ఫొటోలో పెట్టండి. మీ జిల్లా కలెక్టరేట్‌లో రికార్డు రూం ఉంటుంది. పుస్తకం అక్కడ చూపించి, అప్పగిస్తే రసీదు రాయించుకోండి.